ఇరవై వేల లోపు అటక మంచం: కంచరపాలెం వడ్రంగి పనిపై సమీక్ష

విశాఖపట్నం కంచరపాలెంలోని ఒక చిన్న వడ్రంగి కొట్టులో చేయించిన అటక మంచాన్ని ఒక ఎండాకాలం, ఒక వానాకాలం వాడి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. దుకాణాలవారు లాఫ్ట్ బెడ్ అని అమ్మేది ఇదే. పడుకునే చోటు దాదాపు మనిషి ఎత్తులో ఉంటుంది, కింద మిగిలిన ఖాళీలో చదువు బల్లో, బట్టల అరో పెట్టుకోవచ్చు. మాది అక్కయ్యపాలెంలో అద్దె ఇల్లు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి గది 10 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు. మంచం వేస్తే బల్లకు చోటుండదు, రెండూ వేస్తే బీరువా తలుపు పూర్తిగా తెరుచుకోదు. మొత్తం ఖర్చు 20,000 రూపాయలు దాటకూడదని ముందే గీత గీసుకున్నాం, దాటలేదు. పనితనానికి మేస్త్రి గారికి మంచి మార్కులే వేస్తాను. చెప్పిన రోజుకు పని అందించే విషయంలో మాత్రం వేయలేను.

చేయించే ముందు మిగిలిన దారులూ చూశాం. ఆన్‌లైన్‌లో దొరికే అటక మంచాల్లో మాకు నచ్చినవి 30,000 రూపాయలకు పైనే ఉన్నాయి, వాటిలో చాలావరకు పార్టికల్ బోర్డుతో చేసినవి. కర్ర పొట్టును జిగురుతో ఒత్తి తయారుచేసే ఆ పలక, అంచుల దగ్గర పైపూత లేచిందంటే తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. ఒకసారి విప్పిన స్క్రూ అదే రంధ్రంలో రెండోసారి గట్టిగా పట్టదు. ఇల్లు మారిన ప్రతిసారీ మంచం విప్పి బిగించుకోవలసిన అద్దెదారులకు ఇది చిన్న లోపం కాదు. ఇనుప గొట్టాలతో వెల్డింగు చేయించుకుంటే కర్రకంటే చవకలో పని తెమిలిపోతుంది కానీ, ఉప్పుగాలి తగిలే ఊళ్లో వెల్డింగు అతుకుల దగ్గర తుప్పు ముందు మొదలవుతుంది. పైగా అంతా ఒకే ముక్కగా అతికితే మా మెట్ల మలుపులో తిరగదు. కాబట్టి కర్రతో, బోల్టులతో విప్పి బిగించుకునేలా చేయించాలని నిర్ణయించుకున్నాం.

ఏ కర్ర అన్న ప్రశ్న దగ్గరే సగం బడ్జెట్ తేలిపోతుంది. మన ఇళ్లలో మంచం అనగానే టేకు అంటారు. ఆ మాటకు కారణం లేకపోలేదు. టేకులో సహజంగా ఉండే నూనె వల్ల చెదలు అంత త్వరగా పట్టవు, తేమకు వంకర పోవడమూ తక్కువ. అయితే మా మంచానికి తరుగుతో కలిపి దాదాపు 6.5 ఘనపుటడుగుల కర్ర కావలసి వచ్చింది. కలప అమ్మే అడితిలో మాకు చెప్పిన టేకు ధర ఘనపుటడుగుకు 3,000 రూపాయల నుంచి మొదలైంది. అంటే కర్ర కొనేసరికే అనుకున్న డబ్బంతా అయిపోతుంది. వేపకర్ర గట్టిదే, పురుగును కొంత తట్టుకుంటుంది. కానీ దాని పోగు (నార) ఒక దిక్కుగా ఉండదు, చిత్రిక పట్టి నున్నగా చెక్కేటప్పుడు చీలికలు లేస్తాయి, బరువూ ఎక్కువ. పాడేరు, అరకు కాఫీ తోటల్లో నీడ కోసం, మిరియాల తీగ పాకించడం కోసం పెంచే సిల్వర్ ఓక్ కర్ర కూడా అడితిలో కనిపించింది. ధర తక్కువే. అది ఆరేటప్పుడు మెలి తిరిగే స్వభావం గలదని, పలుచటి పనులకైతే సరే గాని మంచం కోళ్లకు, అంటే కాళ్లకు, పెట్టనని మేస్త్రి గారు కచ్చితంగా చెప్పారు. పాత నగరంలో కూల్చిన పెంకుటిళ్ల దూలాలు, వాసాలు దొరికితే అంతకంటే మంచి బేరం ఉండదు, ఎందుకంటే ఆ కర్ర దశాబ్దాలుగా ఆరి స్థిరపడి ఉంటుంది. కానీ మనకు కావలసిన కొలతల్లో, కావలసిన సమయానికి దొరకడం అదృష్టం మీద ఆధారపడిన విషయం. లోపల విరిగి ఉండిపోయిన మేకులు రంపాన్నీ, చిత్రిక మిషను బ్లేళ్లనూ పాడుచేస్తాయి కాబట్టి పాత కర్ర అంటే కొన్ని సామిల్లులు ఒప్పుకోవు కూడా.

గాజువాక వైపు కర్మాగారాల నుంచి వచ్చే పాలెట్ల (సరుకు పేర్చే చెక్క చట్రాల) చెక్క గురించి కూడా ఒక మాట చెప్పాలి, చవకలో మంచం చేయించుకునేవారు ముందుగా అటువైపే చూస్తారు. ఓడల్లో సరుకుతో పాటు వచ్చే చెక్క పెట్టెలకు, పాలెట్లకు ఐ.ఎస్.పి.ఎం. 15 అనే అంతర్జాతీయ నిబంధన ఉంది. దాని ప్రకారం శుద్ధి చేసిన చెక్కపై గోధుమ వెన్ను బొమ్మ గల ముద్ర వేస్తారు. ముద్రలో హెచ్.టి. అని ఉంటే చెక్క నడిభాగం వరకు 56 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం 30 నిమిషాలు తగిలేలా వేడిచేశారని అర్థం, ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువుతో పొగబెట్టారని అర్థం. పడకగదిలోకి తెచ్చే చెక్క అయితే మొదటిదే తీసుకోవాలి, ముద్ర లేనిది అసలు తీసుకోకూడదు. ఆ చెక్కతో పుస్తకాల అర, చెప్పుల స్టాండు చక్కగా వస్తాయి. ఆరున్నర అడుగుల కోళ్లు మాత్రం రావు, పాలెట్ పలకలు అంత పొడవుండవు కదా. ముక్కలు అతికి కోడు చేస్తామనే వారి మాట నమ్మకండి.

చివరకు మేము దిగుమతి పైన్ కర్రకు ఒప్పుకున్నాం. న్యూజిలాండ్ నుంచి, ఐరోపా నుంచి దుంగలుగానో కోత పలకలుగానో మన దేశానికి వచ్చే ఈ కర్ర తేలిక, పోగు తిన్నగా ఉంటుంది, మిషను మీద నున్నగా వస్తుంది. ఘనపుటడుగు 900 రూపాయలకు ఇచ్చారు. దీని లోపాలు దాచనవసరం లేదు. చెదలకు, పుచ్చు పురుగుకు ఇది ఇష్టమైన ఆహారం. గోరుతో గట్టిగా నొక్కితే గుర్తు పడేంత మెత్తన. ముడులున్న చోట బలం తక్కువ. అందుకని ముడులు లేని తిన్నని పలకలు ఏరి కోళ్లకు, పక్క పట్టెలకు కేటాయించి, ముడులున్న వాటిని పరుపు కింద అడ్డపట్టీలకు వాడారు. ఏరుకునే అవకాశం ఇవ్వని అడితిలో పైన్ కొనకపోవడమే మంచిది. అక్కడ కట్టలు విప్పి చూపడానికి విసుక్కోలేదు, ఆ సంగతి మెచ్చుకుని తీరాలి. పలకలను తెచ్చిన వెంటనే కోయకుండా, మధ్యలో సన్నని పుల్లలు పెట్టి వరసలుగా పేర్చి, కొట్టులోనే నీడన కొంతకాలం ఆరనిచ్చారు. కర్ర పొడవు దిక్కున దాదాపు కుంచించుకోదు, అడ్డంగానే కుంచించుకుంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు బిగించిన జాయింట్లు రెండు మూడు నెలలకు వదులవడానికి మూలం అదే.

కర్ర ధర గురించి నేను ఎక్కువగా మాట్లాడుతుంటే మేస్త్రి గారు ఒక మాట అన్నారు: "సెక్క ఖరీదు సూడకండమ్మా, జాయింటు సూడండి. జాయింటు వదులైతే టేకు మంచమైనా ఊగిపోద్ది." మంచం వాడాక ఆ మాట నూటికి నూరు పాళ్లు నిజమని ఒప్పుకుంటున్నాను. అటక మంచంలో కర్ర జాతి దగ్గర పొదుపు చేయవచ్చు. కొలతల దగ్గర, బోల్టుల దగ్గర, ఊగకుండా పెట్టే ఏటవాలు కర్రల దగ్గర పొదుపు చేయకూడదు.

కొలతల్లో మొదట తేల్చుకోవలసింది ఎత్తు. మన ఊళ్లో ఎత్తును నిర్ణయించేది సీలింగు ఫ్యాను. విదేశీ నమూనాలు చూసి గీసుకునేవారు ఈ సంగతి గమనించరు. మా గది ఎత్తు 10 అడుగులు, ఫ్యాను రెక్కలు నేల నుంచి దాదాపు 9 అడుగుల ఎత్తున ఉంటాయి. అడ్డపట్టీల పైభాగం 5 అడుగుల 6 అంగుళాల దగ్గర, దానిపై 4 అంగుళాల కొబ్బరి పీచు పరుపు వేస్తే పడక ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు అవుతుంది. దాని మీద కూర్చున్న మనిషి తల మరో 3 అడుగులు, అంటే రెక్కలకు దాదాపు సమానం. ఇక అడ్డంగా చూస్తే, 9 అడుగుల వెడల్పు గదిలో ఫ్యాను నడిమధ్యన, గోడకు నాలుగున్నర అడుగుల దూరంలో ఉంది. 1200 మిల్లీమీటర్ల ఫ్యాను రెక్క మధ్య నుంచి 2 అడుగుల దూరం తిరుగుతుంది. కాబట్టి గోడ నుంచి రెండున్నర అడుగుల తరువాత అంతా రెక్కల దారే. మంచం చట్రంతో కలిపి మూడున్నర అడుగుల వెడల్పు. అంటే ఒక అడుగు మేర మంచం సరిగ్గా ఫ్యాను కిందికి వస్తుంది, పిల్ల నిద్రమత్తులో లేచి చేయి పైకెత్తితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపింది మేస్త్రి గారే, మంచం కొలతలు అడగడానికి ముందు ఫ్యాను ఎక్కడుందని అడిగారు. ఈ ఒక్క ప్రశ్న వల్లనే ఆయనకు పని ఇవ్వాలనిపించింది.

దీనికి మందు మూడు రకాలు. పడక ఎత్తు తగ్గించవచ్చు, కానీ అప్పుడు కింద బల్ల దగ్గర కూర్చోవడం కష్టం. 900 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాను పెట్టవచ్చు, అప్పుడు రెక్కల దారి గోడకు 3 అడుగుల దూరంలో ఆగుతుంది, అది కూడా చాలదు. మేము సీలింగు ఫ్యానును దింపించి, కాళ్ల వైపు గోడకు ఒక గోడ ఫ్యాను పెట్టించాం. ఇంటి యజమానిని ముందుగా అడిగి, దింపిన ఫ్యానును అట్టపెట్టెలో భద్రంగా పెట్టాం. గోడ ఫ్యాను గాలి పరుపు మీదుగా నేరుగా తగులుతుంది కాబట్టి పైన పడుకున్నవారికి బాగానే ఉంటుంది, కింద బల్ల దగ్గర కూర్చున్నవారికి అంతగా అందదు. కింద కూర్చుని చదువుకునే గంటల కోసం చిన్న బల్ల ఫ్యాను వేరే వాడుతున్నాం.

ఇక బలం విషయం. పక్క పట్టెలు ఒకటిన్నర అంగుళాల మందం, 5 అంగుళాల లోతుతో నిలువుగా నిలబెట్టి వేశారు. పట్టె వంగకుండా నిలవడం దాని లోతును బట్టి ఉంటుంది. వెడల్పు రెట్టింపు చేస్తే గట్టిదనం రెట్టింపే అవుతుంది, లోతు రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లవుతుంది. అదే కర్రను పడుకోబెట్టి వేసే మేస్త్రులు కొందరున్నారు, అలా వేస్తే కర్ర ఖర్చు మారదు గాని మంచం మధ్యలో సాగిపోతుంది. కోళ్లు 3 అంగుళాల చదరం, ఆరున్నర అడుగుల పొడవు. పట్టె వచ్చి కూర్చునే చోట కోడులో అర అంగుళం లోతు గాడి తీశారు. ఈ గాడి ముఖ్యం, ఎందుకంటే బరువు గాడి అంచు మీద పడుతుంది, బోల్టు పట్టెను గాడిలో ఒత్తి ఉంచే పని మాత్రమే చేస్తుంది. గాడి లేకుండా బోల్టుల మీదే బరువు వేలాడదీస్తే మెత్తని పైన్ కర్రలో రంధ్రం కాలక్రమాన కోడిగుడ్డు ఆకారంలోకి సాగి, జాయింటు కిర్రుమంటుంది. ఒక్కో జాయింటుకు 10 మిల్లీమీటర్ల బోల్టులు రెండేసి, రెండు వైపులా వెడల్పాటి వాషర్లు. పొడవు పట్టె బోల్టులూ, అడ్డ పట్టె బోల్టులూ ఒకే కోడులోకి రెండు దిక్కుల నుంచి వస్తాయి కాబట్టి అవి లోపల ఒకదానికొకటి తగలకుండా ఎత్తులు మార్చి తొలిచారు. కొలత పట్టకుండా బరమా ఆడిస్తే ఇక్కడే కోడు పాడవుతుంది. మా మంచంలో పదహారు బోల్టులూ చేత్తో తోస్తే దిగాయి.

అడ్డపట్టీలు ఒక అంగుళం మందం, 3 అంగుళాల వెడల్పువి. వాటి మధ్య దాదాపు మూడేసి అంగుళాల ఖాళీ వదిలారు. ప్లైవుడ్ పలక ఒకటి పరిచేస్తే పని సులువు కదా అని మొదట అనిపిస్తుంది. సముద్రం పక్కన ఉండే ఊళ్లో అది సరికాదు. పరుపు కింద గాలి ఆడకపోతే వానాకాలంలో పరుపు అడుగున బూజు పడుతుంది, కొబ్బరి పీచు పరుపుకు అది ఇంకా త్వరగా పడుతుంది. తప్పనిసరిగా ప్లైవుడ్డే వేయాలనుకుంటే నీటిని తట్టుకునే ఐ.ఎస్. 710 రకం (మెరైన్ ప్లైవుడ్) తీసుకుని, అందులో నిండా రంధ్రాలు చేయించాలి, అప్పుడు ధర పట్టీలకంటే ఎక్కువే అవుతుంది.

అటక మంచానికి అసలు పరీక్ష బరువు మోయడం కాదు, ఊగకపోవడం. నాలుగు పొడవాటి కోళ్ల మీద బరువంతా పైన ఉంటుంది. నిచ్చెన ఎక్కేటప్పుడు, పక్కకు పొర్లేటప్పుడు పుట్టే అడ్డపు తోపుడు అంతా కోళ్లూ పట్టెలూ కలిసే మూలల మీద పడుతుంది. అక్కడ రెండు బోల్టులున్నా చతురస్రం సమాంతర చతుర్భుజంగా మారడానికి చూస్తుంది. ఏటవాలుగా ఒక కర్ర పడితే త్రిభుజం ఏర్పడుతుంది, త్రిభుజం కదలదు. వెనుక వైపు, రెండు పక్కల, కింద నేలకు అడుగు ఎత్తున ఒక్కో అడ్డకర్రతో పాటు మూలమూలకు ఏటవాలు కర్రలు వేశారు. ముందు వైపు బల్ల దగ్గరికి దారి కావాలి కాబట్టి పైన మూలల్లో మాత్రం పొట్టి ఏటవాలు ముక్కలు పెట్టారు. సొంత ఇల్లయితే వెనుక పట్టెను రెండు చోట్ల గోడకు బిగిస్తే ఇన్ని కర్రలు అక్కరలేదు. మా ఇంటి యజమాని ఫ్యానుకు ఒప్పుకున్నారు గాని గోడకు ఇంకా రంధ్రాలంటే ఒప్పుకోలేదు. అయినా మంచం ఊగడం లేదు. నేను ఎక్కి కూర్చుని కావాలని కదిలించి చూశాను, ముందు వైపు కొద్దిపాటి కదలిక తప్ప ఏమీ లేదు. కోళ్ల అడుగున రబ్బరు తొడుగులు వేయించడం వల్ల నేల తుడిచిన నీళ్లు కర్రలోకి పీల్చుకోవడం లేదు, మంచం జారడమూ లేదు.

పిల్లల భద్రత విషయంలో మేస్త్రి గారికి చెప్పి చేయించుకోవలసి వచ్చింది. పక్క నుంచి పడిపోకుండా ఆయన అలవాటుగా పెట్టే కటకటాలు పట్టెపై నాలుగు అంగుళాలే లేస్తాయి, పరుపు వేశాక అవి దాదాపు మునిగిపోతాయి. అమెరికాలో రెండంతస్తుల మంచాలకు అమలులో ఉన్న భద్రతా నిబంధనల ప్రకారం కటకటం పైఅంచు పరుపు పైభాగం కంటే కనీసం 5 అంగుళాలు ఎత్తుండాలి, పట్టీల మధ్య సందు మూడున్నర అంగుళాలకు మించకూడదు, ఆరేళ్లలోపు పిల్లలను పైన పడుకోబెట్టకూడదు. మా మంచానికి కటకటం పరుపుపై 8 అంగుళాలు లేస్తుంది, సందులు రెండున్నర అంగుళాలే. పరుపు మందం మార్చేవారు ఈ లెక్కను మళ్లీ చూసుకోవాలి. 8 అంగుళాల స్ప్రింగు పరుపు వేస్తే కటకటం పరుపు పైభాగాన్ని దాటి నాలుగు అంగుళాలే మిగులుతుంది.

నిచ్చెన మెట్లు గుండ్రటి కర్రలు కాకుండా 3 అంగుళాల వెడల్పాటి పలకలుగా వేయించాం, ఒట్టి కాళ్లతో ఎక్కే మన అలవాటుకు అదే హాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్య 11 అంగుళాల ఎత్తు, నిచ్చెన అడుగు మంచం నుంచి ఒకటిన్నర అడుగుకు పైగా ముందుకు ఉంటుంది. నిలువు నిచ్చెన కంటే ఇది చోటు తింటుంది గాని, దిగేటప్పుడు వెనక్కి పడిపోతామన్న భయం ఉండదు.

పనిలో లోపాలు లేకపోలేదు. మాట్లాడుకున్నప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులని ఒప్పుకుని, తీరా బిగించే రోజున జింకు పూత బోల్టులు తెచ్చారు. ఉప్పుగాలికి జింకు పూత ఎంతకాలం ఆగుతుందో ఈ ఊళ్లో కిటికీ గొళ్లేలు చూసినవారెవరికైనా తెలుసు. గట్టిగా అడిగాక మార్చారు, తేడా డబ్బు అడగలేదు, కానీ అడగకపోతే మార్చేవారు కాదు. నిచ్చెన మెట్ల అంచులు వాడిగా వదిలేస్తే మేమే గరుకు కాగితంతో రుద్ది గుండ్రం చేసుకున్నాం. వార్నిష్ రెండో పూత సముద్రం మీదుగా ముసురు పట్టిన రోజున వేయడం వల్ల ఒక పక్క పట్టె మీద తెల్లటి మసక మిగిలింది. ఆరిన తరువాత మళ్లీ రుద్ది వేయమంటే ఇదిగో వస్తానన్నారు, ఇప్పటికీ రాలేదు. చెప్పిన గడువుకు మంచం రాలేదు, ఫోను చేస్తే "రేపు తప్పకుండా" అనే మాట చాలాసార్లు విన్నాం. పెళ్లిళ్ల సీజనులో పెద్ద పనులు వస్తే చిన్న పనులు వెనక్కి పోతాయని ఆయన దాచకుండా చెప్పారు, అది మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండేది. అయినా గాడుల్లో గాలి సందు లేదు, నాలుగు కోళ్లూ నేలకు ఒకేసారి ఆనాయి, మూలమట్టం పెట్టి చూస్తే ఎక్కడా తేడా లేదు. మెరుగు పని ఎవరైనా చేస్తారు గాని ఈ పని అందరికీ రాదు.

ఖర్చు విషయానికి వస్తే, కర్రకు 5,850, కోతకూ మిషను చిత్రికకూ 850, మేస్త్రి గారి కూలి 7,000, బోల్టులు, వాషర్లు, స్క్రూలకు 1,600, ఫెవికాల్, పుచ్చు మందు, వార్నిష్ కలిపి 1,500, ఆటో ట్రాలీకి 600, గోడ ఫ్యానుకు 2,300 రూపాయలు అయ్యాయి. మొత్తం 19,700. పరుపు, బల్ల ఇంట్లో ఉన్నవే. పుచ్చు మందును కర్ర కోసిన తరువాత, వార్నిష్ వేయకముందు పట్టించాలి, వార్నిష్ మీద రాస్తే అది లోపలికి ఇంకదు. కోళ్ల కింది కోత ముఖాలకు రెండు మూడు పూతలు పట్టించమని అడగండి, కర్ర నీటిని ఎక్కువగా పీల్చేది అక్కడి నుంచే.

వాడకంలో బయటపడిన సంగతులు కొన్ని ఉన్నాయి. వేడిగాలి పైకి చేరుతుంది కాబట్టి మే నెలలో గది నేలకూ పడకకూ తేడా స్పష్టంగా తెలిసింది. మాకు పైన ఇంకో అంతస్తు ఉంది కనుక సరిపోయింది. ఎండకు కాలిన శ్లాబు రాత్రి వరకు వేడి వదిలే పై అంతస్తులో ఉండేవారికి, గదిలో ఏసీ లేకపోతే, ఈ మంచాన్ని నేను సిఫారసు చేయను. ఎంత చక్కగా కట్టినా ఏప్రిల్ నుంచి జూన్ వరకు పిల్లలు పరుపు లాక్కుని కిందే పడుకుంటారు. దోమతెర విషయంలో భయపడినంత ఇబ్బంది లేదు, కోళ్ల కొసలకు నాలుగు కొక్కేలు బిగించి కర్రలతో కట్టేశాం. దుప్పటి మార్చడం మాత్రం ఒక వ్యాయామం, నిచ్చెన మీద నిలబడి ఒక చేత్తో కటకటం పట్టుకుని పరుపు మూల ఎత్తాలి. కింద చీకటిగా ఉంటుంది, పట్టె లోపలి వైపు ఒక ఎల్.ఇ.డి. పట్టీ దీపం బిగిస్తే చాలు. పట్టె అడుగు 5 అడుగుల 2 అంగుళాల ఎత్తునే ఉంటుంది కాబట్టి పెద్దవారు బల్ల దగ్గరి నుంచి లేచేటప్పుడు నుదురు చూసుకోవాలి. ఆ అంచుకు గుండ్రం తీయించడం మంచిది.

బోల్టులను వానలు తగ్గాక ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి స్పానర్‌తో బిగించుకోవాలి. మా మంచానికి ఇప్పటివరకు పావు చుట్టుకు మించి తిరగలేదు. విప్పి చూసే అవసరం కూడా ఒకసారి వచ్చింది, గదికి సున్నం వేయించినప్పుడు. ఇద్దరం కలిసి ఒక మధ్యాహ్నంలో విప్పి, మరునాడు బిగించుకున్నాం, కోళ్లకూ పట్టెలకూ ముందే పెన్సిలుతో అంకెలు వేసి ఉంచడం వల్ల తికమక పడలేదు. మొత్తం కర్ర బరువు 80 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది, విడివిడి ముక్కలుగా మెట్ల మీద మోయడానికి ఎవరి సాయమూ అక్కరలేదు.

ఇలాంటి కొట్టులో పని ఇచ్చేవారు బోల్టుల రకం, కర్ర కొలతలు, చిత్రిక పట్టిన తరువాత మిగిలే మందం, పూతల సంఖ్య అన్నీ ఒక కాగితం మీద రాయించి, ఇద్దరూ సంతకం పెట్టుకోవడం మంచిది. 3 అంగుళాల కోడు అని చెప్పి, చిత్రికకు పోను రెండున్నరే ఇచ్చేవారు ఉంటారు. మాకు రెండు సగాలుగా కాకుండా మూడు వంతులుగా డబ్బు ఇచ్చే ఒప్పందం కుదిరింది. ఒక వంతు కర్ర కొనేటప్పుడు, ఒక వంతు కొట్టులో మంచం తాత్కాలికంగా నిలబెట్టి చూపినప్పుడు, మిగిలింది ఇంట్లో బిగించిన తరువాత. ఆ రెండో దశలో కొట్టుకు వెళ్లి మంచం ఎక్కి చూడటం తప్పనిసరి, బోల్టు మార్పించుకోవాలన్నా, కటకటం పెంచుకోవాలన్నా సులువయ్యేది అప్పుడే. చివరి వంతును వార్నిష్ రెండో పూత ఆరి, చేత్తో తడిమి చూసుకున్నాకే ఇవ్వండి.